ఇల్లు మీది, జోనింగ్ కౌంటీది: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం డేటా సెంటర్లు, ఇంటి వెనక గదులు, పాత ఇళ్ల గురించే. జోనింగ్ అంటే ఏ స్థలంలో ఏం కట్టవచ్చో చెప్పే నియమాలు. అమెరికాలో ఈ స్థల వినియోగ నియమాలు రాష్ట్రానికో రకం, కౌంటీకో రకం. అందుకే అడిగినవారి ఊరిని బట్టి జవాబు ఇస్తున్నాం. పక్క రాష్ట్రంలోని బంధువులకు ఇదే జవాబు పనికొస్తుందని అనుకోకండి.

ప్రశ్న: ఆష్‌బర్న్‌లో మా టౌన్‌హౌస్‌ల వెనక ఖాళీ స్థలంలో డేటా సెంటర్ కడతారని కౌంటీ నుంచి ఉత్తరం వచ్చింది. హియరింగ్ (బహిరంగ విచారణ) వచ్చే వారమే. 400 సంతకాలు సేకరించాం. సరిపోతాయా?
– ఒక పాఠకురాలు, లౌడన్ కౌంటీ, వర్జీనియా

జవాబు: సంతకాల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ఉత్తరంలో దరఖాస్తు నంబరు వెతకండి. జెడ్, ఎమ్, ఏ, పీ అనే అక్షరాలతో మొదలైతే అది రీజోనింగ్, అంటే ఆ స్థలం జోనింగ్‌నే మార్చడం. ఎస్, పీ, ఈ, ఎక్స్ అని ఉంటే స్పెషల్ ఎక్సెప్షన్, అంటే బోర్డు విడిగా అనుమతిస్తేనే చెల్లే కట్టడం. రెండింటిలోనూ కౌంటీ పాలక మండలి అయిన బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్‌లోని 9 మందికి అవునని గానీ కాదని గానీ చెప్పే విచక్షణ ఉంటుంది. అలాంటి చోట జనం మాటకు బరువుంటుంది. అదే ‘బై రైట్’ అయితే, అంటే జోనింగ్ ప్రకారం ఆ కట్టడం అక్కడ ఇప్పటికే చెల్లుతుందంటే, సిబ్బంది సైట్ ప్లాన్ చూసి ఆమోదిస్తారు. దానికి హియరింగ్ ఉండదు, మీ 400 సంతకాలు వినేవారూ ఉండరు. లౌడన్‌లో 2025 మార్చి 18 వరకు చాలా చోట్ల డేటా సెంటర్లది ఇదే దారి. ఆ రోజు బోర్డు బై రైట్ తీసేసి, స్పెషల్ ఎక్సెప్షన్ తప్పనిసరి చేసింది. అంతకుముందే దాఖలైన కొన్ని దరఖాస్తులకు మినహాయింపు ఉంది కాబట్టి మీది ఏ కోవలోదో కౌంటీ ప్లానర్‌ను అడిగి తేల్చుకోండి. ప్లానర్ పేరు, ఫోను ఆ ఉత్తరంలోనే ఉంటాయి.

రెండో విషయం, ఆ హియరింగ్ ఎవరి ముందు? ప్లానింగ్ కమిషన్ అయితే వాళ్లు సిఫారసు మాత్రమే చేస్తారు, తుది నిర్ణయం బోర్డుది. అంటే మీకు ఇంకో అవకాశం ఉన్నట్టే. బోర్డు హియరింగ్ అయితే ఇదే చివరిది. వర్జీనియా చట్టం ప్రకారం పక్క స్థలాల వారికి హియరింగ్‌కు 5 రోజుల ముందు ఉత్తరం పంపినా చాలు. అంటే అది మీ చేతికి వచ్చేసరికి దరఖాస్తు నెలల తరబడి సిబ్బంది దగ్గర నలిగి ఉంటుంది. ఇకముందు ఇలా ఆలస్యం కాకుండా ఉండాలంటే కౌంటీ ఆన్‌లైన్ దరఖాస్తుల వ్యవస్థ ‘లోలా’లో మీ చుట్టుపక్కల స్థలాలను నెలకోసారి వెతికి చూసుకోండి.

ఇప్పుడు ఉన్న వారంలో చేయాల్సింది స్టాఫ్ రిపోర్ట్ (దరఖాస్తు మీద కౌంటీ సిబ్బంది ఇచ్చే నివేదిక) చదవడం. అందులో ఇంకా తేలని అంశాలంటూ ఒక భాగం ఉంటుంది. సూపర్‌వైజర్లు ప్రశ్నలు వేసేది చాలావరకు అక్కడి నుంచే. మాట్లాడటానికి ఒక్కొక్కరికి ఇచ్చేది 2, 3 నిమిషాలు. పది మంది లేచి ఒకే మాట చెబితే మూడో మనిషి దగ్గరే వాళ్ల దృష్టి సడలిపోతుంది. ఒకరు శబ్దం, ఒకరు ఎత్తు, ఒకరు చెట్ల వరుస, ఒకరు సబ్‌స్టేషన్, ఇలా పంచుకోండి. ‘వద్దు’ అనడంతో పాటు ‘ఇస్తే ఈ షరతులతో ఇవ్వండి’ అని కూడా రాసి పెట్టుకోండి: డీజిల్ జనరేటర్ల పరీక్ష పనిదినాల్లో పగటిపూట మాత్రమే, శబ్ద పరిమితిని మీ ఇళ్ల హద్దు దగ్గర కొలవాలి, కట్టాక మళ్లీ కొలిచి నివేదిక ఇవ్వాలి, పైకప్పు మీది యంత్రాలకు చుట్టూ అడ్డుగోడ, చెట్లు పని మొదలుకాకముందే నాటాలి. చివరిది చిన్న కోరికలా కనిపిస్తుంది గానీ, భవనం లేచాక నాటిన మొక్క ఆ గోడను కప్పడానికి ఏళ్లు పడుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. స్పెషల్ ఎక్సెప్షన్‌లో బోర్డే షరతులు పెట్టగలదు. రీజోనింగ్‌లో అలా కాదు, షరతులను దరఖాస్తుదారే స్వచ్ఛందంగా రాసివ్వాలి. వాటిని ప్రాఫర్లు అంటారు. కాబట్టి రీజోనింగ్ అయితే మీ కోరికలు హియరింగ్ రాత్రి మైకులో చెబితే చాలదు. ముందే మీ జిల్లా సూపర్‌వైజర్ ఆఫీసు ద్వారా దరఖాస్తుదారు లాయరుకు చేరాలి. ఎక్కువమంది చేజార్చుకునేది ఈ ఘట్టాన్నే.

‘ఇంటి ధర పడిపోతుంది’ అన్న వాదనను మదింపు నివేదిక లేకుండా ఎత్తకండి. సంతకాల జాబితాలో పేరు పక్కన చిరునామా ఉండాలి, హద్దు పంచుకునే ఇళ్లను వేరే పేజీలో చూపించాలి. రేపు కోర్టుకు వెళ్లే హక్కు ప్రధానంగా నేరుగా నష్టపోయేవారిదే. గడువు నిర్ణయం వెలువడిన రోజు నుంచి 30 రోజులు.

ఉత్తరాలు, పత్రికా ప్రకటనలు కూడా దాచుకోండి. పక్కనే ప్రిన్స్ విలియమ్ కౌంటీలో, మనాసస్ నేషనల్ బాటిల్‌ఫీల్డ్ పార్కును ఆనుకుని సుమారు 2,100 ఎకరాల డిజిటల్ గేట్‌వే రీజోనింగ్‌ను 2023 డిసెంబరులో బోర్డు ఆమోదించింది. 2025 ఆగస్టులో సర్క్యూట్ కోర్టు అది చెల్లదంది. కారణం పర్యావరణమూ కాదు, చరిత్రా కాదు. హియరింగ్‌కు ముందు ఇవ్వాల్సిన పత్రికా ప్రకటన చట్ట ప్రకారం లేదని. వ్యవహారం అప్పీలుకు వెళ్లింది. తేదీలు, ప్రకటనలు ఎంత బరువైనవో చెప్పడానికి ఈ ఒక్క కేసు చాలు.

ప్రశ్న: మా సబ్‌డివిజన్ పక్కన కొత్త లేఅవుట్ రీజోనింగ్‌ను వ్యతిరేకిస్తున్నాం. ఒక కమిషనర్ ఎన్నికల ప్రచారానికి మావాళ్లు కొందరు విరాళం ఇచ్చారు. ఇబ్బంది అవుతుందా? హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు మాట్లాడవచ్చా?
– ఒక పాఠకుడు, ఫోర్సైత్ కౌంటీ, జార్జియా

జవాబు: మాట్లాడవచ్చు. హియరింగ్‌లో మాట్లాడటానికి పౌరసత్వం అడగరు, ఇంటి చిరునామా అడుగుతారు.

విరాళం విషయంలో జాగ్రత్త. జార్జియా చట్టం ప్రకారం, గడిచిన 2 ఏళ్లలో నిర్ణయం తీసుకునే అధికారికి మొత్తం 250 డాలర్లు లేదా అంతకుమించి ఇచ్చినవారు రీజోనింగ్‌ను వ్యతిరేకించాలంటే, మొదటి హియరింగ్‌కు కనీసం 5 రోజుల ముందు ఆ సంగతి లిఖితపూర్వకంగా వెల్లడించాలి. ఫారం ప్లానింగ్ విభాగంలో దొరుకుతుంది. వెల్లడిస్తే ఏ తప్పూ లేదు, దాచితేనే తప్పు. అయితే ఆ విరాళం ఇచ్చినవారు హెచ్-1బీ మీద ఉంటే సమస్య వేరు. పౌరులూ గ్రీన్ కార్డు ఉన్నవారూ తప్ప విదేశీయులెవరూ అమెరికాలో ఏ ఎన్నికకూ, కౌంటీ ఎన్నికకు కూడా, విరాళం ఇవ్వకూడదని ఫెడరల్ చట్టం. అలా జరిగి ఉంటే హియరింగ్‌కు ముందే లాయరును కలవండి.

సమయం గురించి కూడా ఒక మాట. అక్కడ ఒక్కో పక్షానికి కనీసం 10 నిమిషాలు ఇవ్వాలన్నది చట్టం. అది మనిషికి కాదు, మొత్తం పక్షానికి. మొదట లేచినవారే 8 నిమిషాలు మాట్లాడేస్తే వెనక ఉన్నవారికి మిగిలేది 2 నిమిషాలు. ఎవరు ఎంతసేపు మాట్లాడాలో వరుస రాసుకుని వెళ్లండి. స్థలం మీద నోటీసు బోర్డు హియరింగ్‌కు కనీసం 15 రోజుల ముందు పాతాలి. దాన్ని తేదీ కనిపించేలా ఫొటో తీసి పెట్టుకోండి.

ప్రశ్న: అమ్మానాన్నలు మెట్లు ఎక్కలేరు. కింది అంతస్తులో ఒక గది, బాత్రూమ్ కలపాలంటే వెనక సెట్‌బ్యాక్‌లోకి (హద్దు నుంచి ఖాళీగా వదలాల్సిన స్థలంలోకి) 4 అడుగులు వస్తోంది. పొరుగువాళ్లంతా అభ్యంతరం లేదని రాసిచ్చారు. వేరియన్స్ (నియమం నుంచి సడలింపు) వస్తుందా?
– ఒక పాఠకుడు, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ, వర్జీనియా

జవాబు: ఆ ఉత్తరాల మీద ఆశ పెట్టుకోకండి. వేరియన్స్ ఇచ్చేది బోర్డ్ ఆఫ్ జోనింగ్ అప్పీల్స్. అది కోర్టులా పనిచేసే సంస్థ. ఎంతమంది ఒప్పుకున్నారన్నది దానికి ప్రశ్న కాదు, చట్టంలోని షరతులు తీరాయా లేదా అన్నదే ప్రశ్న. ముఖ్యమైనది ఇది: ఇబ్బంది స్థలం నుంచి పుట్టాలి. ప్లాటు మూలగా ఉండటం, వెనక నిటారు వాలు, మధ్యలో డ్రైనేజీ ఈజ్‌మెంట్ (నీటి పారుదలకు వదిలేయాల్సిన పట్టీ), ఇలాంటివి. ‘కుటుంబం పెరిగింది’, ‘గది చిన్నది’ అన్నవి స్థలం ఇబ్బందులు కావు, మీ అవసరాలు. మీరే కొని తెచ్చుకున్న ఇబ్బందీ పనికిరాదు. రుజువు చేసే భారం దరఖాస్తుదారుదే.

కానీ మీ విషయంలో ఇంకో తలుపు ఉంది. వైకల్యం ఉన్న వ్యక్తికి అవసరమైన సడలింపును వర్జీనియా వేరియన్స్ చట్టం విడిగా గుర్తిస్తుంది. ఫెడరల్ ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద కూడా తగిన సౌకర్యం కోరే హక్కు ఉంది. వయసు ఒక్కటే చాలదు. నడక, మెట్లు ఎందుకు సాధ్యం కావో డాక్టరు ఉత్తరం, ఆ గది ఇంట్లో ఇంకెక్కడా ఎందుకు కుదరదో చూపే ప్లాన్ జత చేయండి. ఇలా ఇచ్చిన అనుమతి ఆ అవసరం ఉన్నంతవరకే అని షరతు పెట్టవచ్చని గుర్తుంచుకోండి.

దరఖాస్తుకు ముందు సర్వే చేయించండి. కంచెను హద్దు అనుకుని కొలిచి, తీరా చూస్తే అసలు హద్దు 2 అడుగులు ఇవతల ఉండటం తరచూ జరిగే పొరపాటు. కొన్నిసార్లు సరిగా కొలిస్తే వేరియన్సే అక్కర్లేకుండా పోతుంది. హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి వేరు, కౌంటీ అనుమతి వేరు. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు.

ప్రశ్న: టకోమా పార్క్‌లో పాత ఇల్లు కొన్నాం. చెక్క కిటికీల్లోంచి చలిగాలి వస్తోందని కాంట్రాక్టరు మాట విని ముందువైపు రెండింటికి వినైల్ (ప్లాస్టిక్) కిటికీలు పెట్టించాం. ఇన్‌స్పెక్టర్ వచ్చి పని ఆపమన్నారు. మా ఇంటి కిటికీ మార్చుకోవడానికి కౌంటీ అనుమతి ఎందుకు?
– ఒక పాఠకురాలు, మాంట్గమరీ కౌంటీ, మేరీలాండ్

జవాబు: మీ ఇల్లు కౌంటీ ప్రకటించిన చారిత్రక ప్రాంతంలో ఉంది. అక్కడ ఇంటి బయటి రూపం మార్చే ఏ పనికైనా ‘హిస్టారిక్ ఏరియా వర్క్ పర్మిట్’ కావాలి. లోపలి వంటగది, స్నానాల గది ఈ అనుమతి పరిధిలోకి రావు. నేషనల్ రిజిస్టర్‌లో (చారిత్రక స్థలాల ఫెడరల్ జాబితాలో) పేరుండటం వేరు సంగతి. అందులో పేరున్నా, సొంత డబ్బుతో సొంత ఇంటిని మార్చుకునేవారిని అది ఆపదు. ఆపగలిగేది స్థానిక ఆర్డినెన్స్. ఇలాంటి మొదటి స్థానిక ఆర్డినెన్స్ 1931లో సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో వచ్చింది. యజమాని హక్కులకు భంగమన్న వాదన 1978లో పెన్ సెంట్రల్ కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడింది. కాబట్టి ఆ వాదనతో సమయం పోగొట్టుకోకండి.

కిటికీల దగ్గరే ఇంత పట్టుదల ఎందుకంటే, పాత ఇంటి ముఖంలో లోతు, నీడ అక్కడి నుంచే వస్తాయి. పాత రెక్కలో అద్దాల మధ్య సన్నటి చెక్క పుల్లలు నిజంగా అద్దాన్ని విడదీస్తాయి. వినైల్‌లో అవి రెండు అద్దాల మధ్య ఇరికించిన పట్టీలు. చట్రం మందంగా ఉండి అద్దం వైశాల్యం తగ్గిపోతుంది. పైగా ఆ కాలపు చెక్క నెమ్మదిగా పెరిగిన చెట్లది, దట్టమైన గీత ఉన్నది, మరమ్మతుకు లొంగుతుంది. వినైల్ కిటికీలో సీలు పోతే లోపల ఆవిరి పట్టి మొత్తం అద్దం మార్చాల్సిందే.

ఇప్పుడు చేయాల్సింది: తీసేసిన పాత రెక్కలు ఇంకా ఉన్నాయేమో కాంట్రాక్టరును ఈరోజే అడగండి. చెత్తలో పడకముందు దొరికితే సగం సమస్య తీరినట్టే. పని జరిగాక పెట్టే దరఖాస్తుకు కూడా దారి ఉంది, కానీ ఈ అనుమతులు చూసే కౌంటీ హిస్టారిక్ ప్రిజర్వేషన్ కమిషన్ దాన్ని పని జరగనట్టే భావించి పరిశీలిస్తుంది. డబ్బు ఖర్చయిందన్నది కారణంగా తీసుకోదు. టకోమా పార్క్‌లో ఇళ్లను ‘అవుట్‌స్టాండింగ్’, ‘కాంట్రిబ్యూటింగ్’, ‘నాన్-కాంట్రిబ్యూటింగ్’ అని విభజించారు. మీది చివరి తరగతి అయితే పరిశీలన చాలా తేలిక. వీధికి కనిపించని వెనకవైపు మార్పులకూ పట్టు సడలుతుంది. మీ ఇల్లు దేనిలో ఉందో ముందు తెలుసుకోండి.

మిగతా కిటికీలకు ఒక పట్టిక తయారు చేయండి. ప్రతిదానికీ నంబరు, లోపల బయట ఫొటో, కొలత, ఏ భాగం పాడయింది, ఎంత. ‘అన్నీ కుళ్లిపోయాయి’ అన్న ఒక్క వాక్యంతో వెళ్లిన దరఖాస్తులే తిరిగి వస్తాయి. చూస్తే చాలావరకు పాడయ్యేది కింది అడ్డుపట్టీ, గడప మాత్రమే, ఎందుకంటే నీళ్లు నిలిచేది అక్కడ. మెత్తబడిన భాగాన్ని తీసి ఎపాక్సీతో నింపవచ్చు, లేదా అంతమేర కొత్త చెక్క అతికించవచ్చు. ఎండి పగిలిన పుట్టీ గీకేసి కొత్తది పెట్టాలి. ఎత్తిన రెక్క నిలబడకపోతే, దాన్ని పట్టి ఉంచే లోపలి బరువు తాడు తెగి ఉంటుంది. చలిగాలి చాలాసార్లు అద్దంలోంచి కాదు, రెక్క చుట్టూ సందులోంచి, బరువులుండే గూటిలోంచి వస్తుంది. సందులు మూసే వెదర్ స్ట్రిప్ వేసి, బయట చట్రానికి సరిపడే రంగులో స్టార్మ్ విండో (పాత కిటికీ మీద అమర్చే అదనపు కిటికీ) పెడితే ఇల్లు వెచ్చబడుతుంది. స్టార్మ్ విండోకు అనుమతి సాధారణంగా సులువుగా వస్తుంది. ఒక్క జాగ్రత్త: దాని కింది అంచున ఉండే చిన్న నీటి రంధ్రాలను సీలెంట్‌తో మూసేయవద్దు. మూస్తే లోపల నీరు నిలిచి గడప కుళ్లుతుంది.

1978కి ముందు కట్టిన ఇల్లయితే రంగులో సీసం ఉండవచ్చు. అలాంటి ఇంట్లో డబ్బు తీసుకుని పనిచేసేవారికి సీసం జాగ్రత్తల ఫెడరల్ ధ్రువీకరణ ఉండాలి. గదిలో 6 చదరపు అడుగులు, బయట 20 చదరపు అడుగులు దాటితే ఆ నియమం వర్తిస్తుంది. కిటికీ మార్చడానికైతే ఆ కొలతల మినహాయింపు కూడా లేదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే దీన్ని అసలు తేలిగ్గా తీసుకోకండి. మీ కాంట్రాక్టరు దగ్గర ఆ పత్రం ఉందా అని అడగండి.

డబ్బు విషయం చాలామందికి తెలియదు. చారిత్రక ఇళ్ల బయటి మరమ్మతుకు అయిన ఖర్చు 1,000 డాలర్లు దాటితే అందులో 25 శాతం కౌంటీ మీ ఆస్తి పన్నులో తగ్గిస్తుంది. రాష్ట్రం వేరుగా 20 శాతం ఆదాయ పన్ను క్రెడిట్ ఇస్తుంది, ఖర్చు కనీసం 5,000 డాలర్లు ఉండాలి. రాష్ట్రం క్రెడిట్‌కు పని మొదలుపెట్టకముందే ఆమోదం ఉండాలి. రసీదులు పోగుచేసి తర్వాత అడుగుదాం అనుకున్నవారికి అది దక్కదు.

ప్రశ్న: లౌడన్‌లోని చారిత్రక ప్రాంతంలో స్థలం కొనబోతున్నాం. అక్కడ పాడుబడిన ఇల్లుంది. కూల్చి కొత్తది కట్టుకోగలమా?
– ఒక పాఠకుడు, స్టెర్లింగ్, వర్జీనియా

జవాబు: కొనకముందే అడిగారు, మంచిది. కూల్చడానికి కౌంటీ చారిత్రక ప్రాంతాల సమీక్ష కమిటీ అనుమతి కావాలి. కాదంటే బోర్డుకు, అక్కడా కాదంటే 30 రోజుల్లో సర్క్యూట్ కోర్టుకు వెళ్లవచ్చు. వర్జీనియా చట్టంలో ఇంకో మార్గం కూడా ఉంది. బోర్డు దాకా వెళ్లి కాదనిపించుకున్నాక, ఆ ఇంటిని కాపాడతామని హామీ ఇచ్చేవారికి న్యాయమైన ధరకు అమ్మకానికి పెట్టాలి. ధర 90,000 డాలర్లు లేదా అంతకుమించి ఉంటే 12 నెలలు పెట్టి ఉంచాలి. ఎవరూ ముందుకు రాకపోతే కూల్చే హక్కు వస్తుంది. ఈలోగా నిజంగానే కొనేవారు రావచ్చు, అప్పుడు అమ్మాల్సిందే. ఆ ఇల్లు మీకు వద్దనుకుంటే ఆ స్థలం కూడా వద్దనుకోవడమే మేలు.

ప్రశ్న: గుడి కోసం 5 ఎకరాలు చూశాం. మత సంస్థలను కౌంటీ ఆపలేదని ఒకరన్నారు. నిజమేనా?
– ఒక ఆలయ కమిటీ సభ్యుడు, వర్జీనియా

జవాబు: సగం నిజం. 2000లో వచ్చిన ఫెడరల్ చట్టం, క్లుప్తంగా ‘రులూపా’ అంటారు, మత సంస్థల మీద అనవసర భారం వేయకూడదని, మిగతా సభాస్థలాల కంటే తక్కువగా చూడకూడదని చెబుతుంది. జోనింగ్ నుంచి మినహాయింపు మాత్రం ఇవ్వదు. పార్కింగు, ట్రాఫిక్, వాన నీరు, సెప్టిక్ అన్నీ మామూలే. మురుగు కాలువ లేని గ్రామీణ స్థలంలో నేల నీటిని పీల్చుకునే పరీక్షలో తప్పితే, ఏ చట్టమూ ఆదుకోదు. కాబట్టి కొనుగోలు ఒప్పందంలో ‘అనుమతి వస్తేనే కొంటాం’ అన్న షరతు రాయించండి. దానికి ఏడాదైనా గడువు అడగండి. 60 రోజులకు ఒప్పుకుంటే అడ్వాన్సు పోయే ప్రమాదముంది.

దరఖాస్తులో జనసంఖ్య నిజంగా ఎంతో అంతే రాయండి. మామూలు శని, ఆదివారాల లెక్క వేరు, వైకుంఠ ఏకాదశి, శివరాత్రి లెక్క వేరు. తక్కువ చూపించి అనుమతి తెచ్చుకుంటే ఆ సంఖ్యే షరతుగా మారి, తర్వాత మొదటి పెద్ద పండగకే ఉల్లంఘన నోటీసు వస్తుంది. ఏడాదికి ఇన్ని పెద్ద రోజులు, ఆ రోజుల్లో ఫలానా చోట పార్కింగు, అక్కడి నుంచి బస్సు అని ముందే రాసిస్తే చుట్టుపక్కలవారి భయం కూడా తగ్గుతుంది.

ప్రశ్న: ఎడిసన్‌లో పక్క స్థలం గురించి కౌంటీకి ఫోన్ చేస్తే మాకు సంబంధం లేదన్నారు.
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: నిజమే చెప్పారు. న్యూజెర్సీలో జోనింగ్ టౌన్‌షిప్‌ది. కౌంటీ చూసేది ప్రధానంగా కౌంటీ రోడ్లు, వాటి డ్రైనేజీ. 200 అడుగుల లోపు ఇళ్లకు హియరింగ్‌కు 10 రోజుల ముందు నోటీసు రావాలి. అక్కడ సాక్ష్యం ప్రమాణం చేసి చెబుతారు. దరఖాస్తుదారు ఇంజనీరును మీరే నేరుగా ప్రశ్నించవచ్చు. హాజరుకానివారు సంతకం పెట్టిన కాగితానికి విలువ దాదాపు లేదు. ఒక్కరైనా వెళ్లండి.

ప్రశ్న: ఫ్రిస్కోలో ఇంటి దగ్గర దుకాణ సముదాయం వస్తోంది. కాలిన్ కౌంటీలో ఎవరికి రాయాలి?
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: కౌంటీకి కాదు, సిటీకి. టెక్సస్‌లో కౌంటీలకు సాధారణంగా జోనింగ్ అధికారం లేదు. సిటీలో రీజోనింగ్ అయితే, 200 అడుగుల లోపు భూమిలో 20 శాతం విస్తీర్ణం గల యజమానులు లిఖితపూర్వకంగా అభ్యంతరం చెబితే కౌన్సిల్‌లో నాలుగింట మూడు వంతుల ఓట్లు కావాలి. లెక్క ఇళ్లది కాదు, భూ విస్తీర్ణానిది. అద్దెకున్నవారి సంతకం లెక్కలోకి రాదు. ఇళ్ల సంఖ్య పెంచే మార్పులకు 2025 సెప్టెంబరు 1 నుంచి ఈ 20 శాతం 60 అయింది. మీది దుకాణాల వ్యవహారం కాబట్టి పాత లెక్కే వర్తించాలి. సిటీ ప్లానింగ్ విభాగం నుంచి 200 అడుగుల పటం, యజమానుల జాబితా తీసుకుని ఈ వారాంతంలోనే పెద్ద స్థలాలవారి తలుపు ముందు తట్టండి.